యాసకు గౌరవం అడిగినోళ్లం, భాషకు జాగ ఇయ్యమా?

మిర్చి సీజన్‌లో తెల్లారకముందే ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోయి నిలబడితే ఈ దేశం ఎట్లుంటదో కండ్లకు కనబడుతుంది, చెవులకు వినబడుతుంది. ములుగు దిక్కు నుంచి బస్తాలేసుకొని వచ్చిన కోయ రైతు తన ఊరోళ్లతో కోయలో మాట్లాడుతుంటాడు. మహబూబాబాద్ దిక్కు తండాల నుంచి వచ్చిన లంబాడా ఆడబిడ్డలు బస్తాల మీద కూసోని గోర్ బోలీలో ముచ్చట పెట్టుకుంటారు. సరిహద్దు దాటి సరుకు తెచ్చిన ఛత్తీస్‌గఢ్ రైతు మాట వేరు, మహారాష్ట్ర రైతు మాట వేరు. ఖరీదుదారుల్లో కొందరిది ఇంట్లో మార్వాడీ. హమాలీ, దడువాయి, కాంటా, తక్‌పట్టీ, ఖరీదు అని మనం రోజూ అనే మాటలు ఉర్దూ నుంచో, హిందీ మరాఠీల నుంచో వచ్చి మన నోళ్లలో తెలుగైపోయినవే. జెండా పాట మొదలైందంటే మాత్రం అందరి చెవులు ఒక్క దిక్కే. ధర ఎంత పలికిందో అర్థం కానోడు అక్కడ ఒక్కడుండడు.

మార్కెట్లో మోసం లేదని మేం అనడం లేదు. తరుగు పేరుతో, తాలు పేరుతో రైతును ముంచే లెక్కలు మా పాఠకులకు కొత్త కాదు. కానీ భాష పేరుతో మాత్రం ఎవరి బస్తానూ గేటు బయట ఆపరు. వచ్చిన మనిషి మాట తెలియకపోతే తెలిసినోణ్ని పక్కన నిలబెట్టుకొనైనా బేరం చేస్తారు. లాభం ఉన్నకాడ భాష అడ్డం కాదు.

అదే యార్డులో ధర కోసం ఎదురు చూస్తున్న ఒక లంబాడా పెద్దమనిషి ఆ మధ్య మాతో ఒక ముచ్చట చెప్పిండు. బిడ్డను బడికి తోలితే మూడు నెలల దాకా నోరు తెరవలేదట. పంతులు తండ్రిని పిలిపించి, ‘పిల్లకు మాట రాదా, చెవులు వినబడతలేవా, ఓసారి దవాఖానల చూపెట్టు’ అన్నడట. ‘మాట రాకపోవుడేంది సారూ, ఇంటికాడ దాని నోరు మూయించలేక మేమే సస్తున్నం’ అన్నడట తండ్రి.

ఆ పంతులు చెడ్డోడు కాదు. పిల్ల మీద పాణం ఉన్నోడు కాబట్టే తండ్రిని పిలిపించిండు. అయినా ఆ పిల్లకు మాట వచ్చనీ, తన మాటే ఆ పిల్లకు రాదనీ ఆయనకు తట్టలేదు. ఎందుకు తట్టలేదంటే ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన చదివిన టీచర్ ట్రైనింగులో లేదు, ఆయన చేతిలో పెట్టిన పుస్తకంలో లేదు. ఇంట్లో ‘యాడి’ అని తల్లిని, ‘బా’ అని తండ్రిని పిలిచే పిల్లకు బడి మొదటి రోజే ‘అమ్మ’, ‘ఆవు’ అని నేర్పుతుంది. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ రోజు నేర్చుకోవాల్సింది అక్షరం ఒక్కటే. తండా పిల్ల అక్షరమూ నేర్వాలె, మాటా నేర్వాలె. ఇద్దరికీ పరీక్ష ఒక్కటే, మార్కులు వేసే చెయ్యి ఒక్కటే. ఆఖరికి ‘తండా పిల్లలకు చదువు ఎక్కదు’ అనే మాట మాత్రం తండా పిల్లకే మిగులుతుంది.

ఈ వారం మేం దీని గురించే మాట్లాడదలిచినం. ఇది ఢిల్లీని తిట్టి ఊరుకుంటే తీరే విషయం కాదు. మనల్ని మనం అడుగుకోవాల్సిన విషయం కూడా.

కాగితం మీద కొదవ లేదు

భిన్న సంస్కృతుల గురించి ఈ దేశం రాసుకున్న మాటలకు కొదవ లేదు. తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు ప్రతి సమూహానికీ ఉన్నదని రాజ్యాంగం 29వ అధికరణం చెబుతుంది. భాషా అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు పెట్టుకోవచ్చని 30వ అధికరణం చెబుతుంది. 1956లో రాష్ట్రాలను భాష ఆధారంగా విడదీసి కలిపినప్పుడు, ఒక్కో రాష్ట్రంలో చిన్న భాషలవాళ్ల గతేమిటన్న ప్రశ్న వచ్చింది. దానికి జవాబుగానే ఏడో సవరణతో 350ఎ, 350బి అధికరణాలు చేర్చారు. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని మొదటిది. వాళ్ల రక్షణలు ఎట్లా అమలవుతున్నాయో చూసే ప్రత్యేక అధికారి ఉండాలని రెండోది. గమనించండి, ఇది జరిగింది 1956లో. మనల్ని ‘అందరం తెలుగోళ్లమే’ అని ఆంధ్రలో కలిపిన ఏడాదే.

తర్వాత కూడా కాగితాలు ఆగలేదు. 1968 జాతీయ విద్యా విధానం త్రిభాషా సూత్రం తెచ్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పిల్లల ఇంటి భాషను బడి గౌరవించాలన్నది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ మాతృభాషలో బోధన ఉండాలన్నది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం అయిదో తరగతి దాకా, వీలైతే ఎనిమిది దాకా, ఇంటి భాషలో లేదా మాతృభాషలో చదువు ఉండాలన్నది.

ఇన్ని ఉన్నా ఆ పిల్ల మూడు నెలలు మూగగా ఎందుకు కూచున్నది? చట్టాన్ని దగ్గర పెట్టుకొని చదివితే జవాబు దొరుకుతుంది. విద్యాహక్కు చట్టంలో ‘ఆచరణ సాధ్యమైనంత మేరకు’ అని ఒక మాట ఉన్నది. 2020 విధానంలో ‘వీలున్న చోటల్లా’ అని ఒక మాట ఉన్నది. ఉద్యోగులైన మా పాఠకులకు ఇటువంటి మాటల మహిమ బాగా తెలుసు. జీవోలో ‘వీలును బట్టి’ అని రాసి ఉన్నదంటే ఆ ఫైలు కదలదని అర్థం. వీలు ఎవరు చూడాలి? వీలు లేదని ఎవరు తేల్చాలి? వీలు చేయడానికి డబ్బు ఎవరియ్యాలి? మూడు ప్రశ్నలకూ అందులో గట్టి జవాబు లేదు. కేంద్రం రాష్ట్రాన్ని చూపెడుతుంది, రాష్ట్రం పైసల్లేవంటుంది, జిల్లా అధికారి టీచర్లు లేరంటడు. పిల్ల మాత్రం వెనక బెంచీలో ఉంటది.

ఇంకొక లెక్క చూడండి. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షల 84 వేల మంది. కోయ 4 లక్షలకు పైగా, కొలామి 1 లక్షా 28 వేల దాకా. ఈ మూడింటిలో ఏదీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. 24,821 మంది మాతృభాషగా రాయించుకున్న సంస్కృతం ఉన్నది. సంస్కృతం మీద మాకు కోపం లేదు. అక్కడ ఉన్నందుకు బాధ కూడా లేదు. కానీ అర్హత మనుషుల సంఖ్యను బట్టి కాదు, ఆ మనుషుల బలాన్ని బట్టి వస్తున్నదని ఆ లెక్క చెబుతున్నది. సంతాలీ, బోడో భాషలు 2003 సవరణతో షెడ్యూలులోకి వచ్చాయి. ఎవరో దయ తలచి ఇవ్వలేదు, వాళ్లు కొట్లాడి సాధించుకున్నారు. లంబాడీ కథ ఇంకా వింత. దేశమంతటా 32 లక్షలకు పైగా మాట్లాడే ఆ భాషను జనగణన హిందీ కింద కలిపి లెక్కగట్టింది. తండాలోని అవ్వకు హిందీ రాదు. అయినా లెక్కల్లో ఆమె హిందీ మనిషి.

‘మీరంతా తెలుగోళ్లే కదా, వేరే లెక్కెందుకు’ అనే మాట మనం ఎన్నేండ్లు విన్నామో గుర్తున్నదా? ఇదీ అదే మాట.

మన గాయం మనం మరువొద్దు

బడిలో, కొలువులో, సభలో తన మాట తనకే నామోషీ కావడమంటే ఏమిటో తెలంగాణకు చెప్పాల్సిన పని లేదు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైనప్పుడు దేశభాషలో ఉన్నత విద్య చెప్పిన గొప్ప ప్రయోగం అది. కానీ ఆ భాష ఉర్దూ, రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు. 1921లో హైదరాబాదు సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూచోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అంతకుముందే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో మన హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిశాయి. గ్రంథాలయం పెట్టుకోవడం కూడా పోరాటమైన రోజులవి.

తర్వాత గాయం పెట్టింది వేరే భాష కాదు, మన భాషే. తెలంగాణలో కవులే లేరన్నారు. సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేసి ఆ నోళ్లు మూయించారు. 1956 తర్వాత పాఠ్యపుస్తకాల్లో మన ఊళ్లు లేవు, మన పండుగలు లేవు, మన నుడికారం లేదు. సినిమాల్లో మన యాస రౌడీకి, లేదంటే నవ్వించేటోనికి. క్లాసులో ‘వస్తున్న’ అంటే తప్పు, ‘వస్తున్నాను’ అంటే ఒప్పు. ఉద్యోగ ఇంటర్వ్యూలో నోరు విప్పితే ఎక్కడోనివో తెలిసిపోతదని నోరు కట్టుకున్న తరం ఇంకా మన మధ్యనే ఉన్నది. వేరే రాష్ట్రం కోసం జరిగిన పోరాటంలో నీళ్లు, నిధులు, నియామకాలతో పాటు ఈ నోటి బాధ కూడా ఉన్నది. అది లేకపోతే అన్ని ధూంధాంలు, అన్ని పాటలు పుట్టేవే కావు.

కాళోజీని యాదికి తెచ్చుకుందాం. ఆయన పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో. తల్లిది కన్నడం, తండ్రిది మరాఠీ మూలం. పెరిగింది మడికొండలో. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, కన్నడం అన్నీ ఆయన నోట ఆడినవే. బడి పలుకుల భాష కాదు, పలుకుబడి భాష కావాలని ఓరుగల్లు నడిబొడ్డున నిలబడి కొట్లాడిన మనిషి, పుట్టుకతో ఒక్క భాష మనిషి కాదు. ఇన్ని భాషలు ఒక ఇంట్లో కలిస్తే తెలుగు బలహీనపడలేదు, కాళోజీ పుట్టిండు. ఆయన జన్మదినం సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు దండలేసేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుండాలె.

రాష్ట్రం వచ్చింది, బడి మారిందా?

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. జరిగిన మంచిని మేం కాదనం. బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలైనయి. పాఠ్యపుస్తకాల్లో తెలంగాణ చరిత్ర, మన పండుగలు, మన కవులు వచ్చారు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేశారు. 2018లో అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. కార్పొరేట్ బడుల్లో పదేండ్లు చదివి తల్లి పేరు తెలుగులో రాయరాని పిల్లలు తయారవుతున్న కాలంలో ఆ చట్టం అవసరమే, ఇంకా గట్టిగా అమలు కావాల్సిందే.

అయితే తెలంగాణలో 2011 లెక్కల ప్రకారం 31 లక్షలకు పైగా గిరిజనులున్నారు. నూటికి 9 మంది. అందులో సగానికి మించి లంబాడాలు. తర్వాత కోయలు, గోండులు, కొలాములు, ఇంకా ఎందరో. వాళ్ల పిల్లల ఇంటి భాషకు ఈ పదేండ్లలో తరగతి గదిలో ఎంత జాగ దొరికింది? యాస కోసం రాష్ట్రం కొట్లాడి తెచ్చుకున్న మనం అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

వార్షికోత్సవం నాడు స్టేజీ మీద గుస్సాడి ఆడిపిస్తాం, లంబాడా దుస్తులేసి పిల్లలను వరుసగా నిలబెడతాం, మంత్రి వస్తే డోలు కొట్టిపిస్తాం. ఫోటోలు మంచిగుంటయి. తెల్లారి అదే పిల్ల క్లాసులో పక్కదానితో తన భాషలో ఒక్క మాటంటే ‘ఆ భాష ఇంటికాడ పెట్టుకో’ అంటాం. సంస్కృతి స్టేజీ మీద ఉండాలె, క్లాసులో వద్దు అనేదే మన విధానమా? భిన్నత్వంలో ఏకత్వమని గోడ మీద రాసిపెట్టి, ఏకత్వం పేరుతో భిన్నత్వాన్ని గుంజీలు తీయిపిస్తే ఆ గోడ రాత ఎందుకు?

చేయలేక కాదు. దారి కొత్తదీ కాదు. కుమ్రం భీము జోడేఘాట్‌లో అమరుడైన 1940 తర్వాత నిజాం సర్కారు కండ్లు కొంత తెరిచింది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సలహాతో 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలైంది. నాగరి లిపిలో గోండి వాచకాలు తయారైనయి. గోండు పిల్లలకు గోండు పంతులు గోండిలో పాఠం చెప్పిండు. రాచరికం కింద సాధ్యమైన పని అది. ప్రజాస్వామ్యం వచ్చిన తర్వాత నిలబడలేదు. మళ్లీ 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా. తెలుగు లిపిలో ఆ భాషల వాచకాలు, స్థానికులే టీచర్లు, మొదటి తరగతులు సొంత భాషలో, మెల్లగా తెలుగులోకి వంతెన. ఆలోచన మంచిది. కానీ పథకంగా వచ్చింది, పథకంగానే సన్నబడింది. పోస్టులు లేని పని, బడ్జెట్‌లో పద్దు లేని పని ఎన్ని రోజులు నడుస్తది?

అదే ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాలలో గోండి లిపిలో రాతప్రతులు బయటపడ్డాయి. వాళ్లకు లిపి లేదు, చరిత్ర లేదు అన్నవాళ్లకు అది జవాబు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ప్రపంచంలోని ఏ కంప్యూటర్‌లోనైనా రాయగలిగే ఏర్పాటు అయింది. రాయడం నేర్పే క్లాసు మాత్రం ఎన్ని బడుల్లో ఉన్నది? కంప్యూటర్‌కు అర్థమైన సంగతి విద్యాశాఖకు అర్థం కావద్దా?

కోయ, గోండి మనకు పరాయి భాషలు అనుకునేవాళ్లకు ఒక్క మాట. గోండులు, కోయలు నీళ్లను ‘ఏర్’, ‘ఏరు’ అంటారు. మనం పారే నీళ్లను ‘ఏరు’ అంటున్నాం. ఒక్క తల్లి పిల్లల భాషలివి. చెల్లె భాష వినగానే అక్క మొహం తిప్పుకుంటే ఆ ఇంటిని ఏమంటారు?

అడ్డం చెప్పేవాళ్లకు

‘తల్లిదండ్రులే ఇంగ్లిషు అడుగుతున్నరు, మీరు కోయ, లంబాడీ అంటరేంది’ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దళిత, బహుజన, గిరిజన తల్లిదండ్రులు ఇంగ్లిషు అడుగుతున్నారంటే దానికి కారణం ఉన్నది. పెద్దింటి పిల్లలు ఇంగ్లిషు మీదనే కొలువులకెక్కి, పేదింటి పిల్లలకు మాత్రం మాతృభాషా ప్రేమ బోధిస్తే ఎవరూ నమ్మరు. మేమూ నమ్మం. ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషు ఉన్న ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. ఎందుకిచ్చారు? తెలుగు ఆసరా లేకుండా పిల్లకు ఇంగ్లిషు అర్థం కాదని. మంచిదే. మరి ఆ తెలుగు పేజీ కూడా అర్థం కాని పిల్లకు ఆసరా ఏది? తెలుగు పిల్లకు ఒక మెట్టు ఎక్కితే ఇంగ్లిషు. కోయ పిల్లకు రెండు మెట్లు. మొదటి మెట్టే లేకుండా రెండో మెట్టు ఎక్కమంటున్నాం. మాతృభాష అడగడం ఇంగ్లిషు వద్దనడం కాదు. మొదటి మెట్టు కట్టమనడం.

‘ఒక్క క్లాసులో నాలుగు భాషల పిల్లలుంటే ఏం చేస్తరు’ అంటారు. పట్నంలో అది కష్టమే. తండాలో, గూడెంలో కాదు. అక్కడ క్లాసంతా ఒక్క భాషే, వేరే భాషోడు పంతులొక్కడే. అక్కడైనా మొదలుపెట్టొచ్చు కదా.

‘ఇట్ల ఎవరి భాష వాళ్లకిస్తే తెలంగాణ ముక్కలైతది’ అని భయపెడతారు. ఈ మాట ఎక్కడ విన్నాం? 1956లో, 1969లో, ఆ తర్వాతా విన్నాం. వేరు గుర్తింపు అడిగితే ఐక్యత చెడుతుందని మనకు నీతులు చెప్పినవాళ్ల మాట మన నోట రావద్దు. గౌరవం ఇస్తే ఎవరూ విడిపోరు. గౌరవం దొరకనందుకే మనం విడిపోయినం.

లంబాడాలకు, ఆదివాసీలకు మధ్య రిజర్వేషన్ల తగాదా ఉన్నది కదా, ఎవరి పక్షం అని అడిగేవాళ్లూ ఉంటారు. ఆ తగాదా పెద్దలది. దాని న్యాయాన్యాయాలు వేరే మాట్లాడుకోవాలె. ఆరేండ్ల పిల్ల నోటి మాట దాంట్ల ఫిర్యాదుదారూ కాదు, ముద్దాయీ కాదు.

బయటి దేశాన్ని కూడా చూద్దాం. కెనడా 1971లోనే బహుళ సంస్కృతుల విధానం ప్రకటించింది, 1988లో చట్టం చేసింది. మన తెలుగు పిల్లలెందరో ఇయ్యాల అక్కడ ఆ నీడలో బతుకుతున్నారు. అదే దేశం తన ఆదివాసుల పిల్లలను లక్షన్నర మందికి పైగా తల్లిదండ్రుల నుంచి తీసుకపోయి రెసిడెన్షియల్ బడుల్లో పెట్టి, వాళ్ల భాష మాట్లాడితే శిక్షించింది. చివరి బడి మూతపడ్డది 1990లలో. ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008లో. మన గురుకులాలను వాటితో పోల్చడం లేదు. పేద పిల్లలకు అన్నమూ చదువూ పెట్టిన బడులవి. మేం చెప్పేదొక్కటే, గొప్ప చట్టం ఉండగానే పసిపిల్లల నోరు నొక్కడం సాధ్యమే. వచ్చినోళ్ల సంస్కృతిని గౌరవించి, ముందునుంచి ఉన్నోళ్లను మరిచిన దేశానికి తర్వాత క్షమాపణే గతి అయింది.

దగ్గరి ఉదాహరణ హోసూరు. 2006లో తమిళనాడు తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం చేసినప్పుడు అక్కడి తెలుగు పిల్లల తల్లిదండ్రులు, టీచర్లు తమ భాష పోతుందని ఆందోళన చేశారు, కోర్టు మెట్లెక్కారు. అప్పుడు ఇక్కడ మనం కూడా బాధపడ్డాం, పడాలె కూడా. హోసూరులో తెలుగు పిల్లకు ఉన్న హక్కే ఉట్నూరులో గోండు పిల్లకు లేదా? ఏటూరునాగారంలో కోయ పిల్లకు లేదా?

మనం చేయాల్సిందేంది?

సర్కారును మేం అడిగేవి పెద్దగా లేవు. ఏ బడిలో ఏ ఇంటి భాష పిల్లలు ఎంతమంది ఉన్నారో ఊరు పేరుతో సహా లెక్క తీయండి. ఒక్క భాషే ఉన్న గూడేల్లో, తండాల్లో అంగన్‌వాడీ నుంచి రెండో తరగతి దాకా ఆ భాష వచ్చిన మనిషిని పెట్టండి, గౌరవ వేతనం కాదు, పోస్టు ఇవ్వండి. 2004 నుంచి తయారైన వాచకాలను బీరువాల్లోంచి తీసి దిద్ది మళ్లీ అచ్చేయండి. ఏజెన్సీకి పోస్టింగు ఇచ్చే ప్రతి టీచరుకు నెల రోజులైనా అక్కడి భాష నేర్పండి. విభజన చట్టంలో రాసుకున్న గిరిజన విశ్వవిద్యాలయం కోసం తొమ్మిదేండ్లు ఎదురు చూసినంక 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. ములుగులో సమ్మక్క సారక్క పేరు పెట్టుకున్న ఆ యూనివర్సిటీలో కోయ, గోండి, లంబాడీ భాషలకు గట్టి శాఖలు లేకపోతే ఆ తల్లుల పేరుకు అర్థం ఏమున్నది? వరంగల్‌లో ఉన్న తెలుగు యూనివర్సిటీ జానపద, గిరిజన విజ్ఞాన పీఠానికి ఈ పనిలో ముందు నిలబడే అర్హత ఉన్నది. పైసలివ్వండి, మనుషులనివ్వండి.

కేంద్రాన్ని అడగాల్సింది మరొకటి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. ఆ లెక్కలో లంబాడీని హిందీ కింద దాచొద్దు. తండాల్లోని చదువుకున్న పిల్లలకు మా మాట, మాతృభాష అడిగినప్పుడు మీ భాష పేరే చెప్పండి, మీ అవ్వతో చెప్పించండి. లెక్కల్లో లేని భాషకు పుస్తకం రాదు.

ఉపాధ్యాయ సోదరులారా, ఉద్యోగ మిత్రులారా! సకల జనుల సమ్మెలో 2011లో మీరు నలభై రోజులకు పైగా జీతాలొదులుకొని నిలబడ్డరు. ఇయ్యాల మేం జీతం వదులుకోమనడం లేదు. మీ క్లాసులో ఉన్న పిల్లల భాషలో వంద మాటలు నేర్చుకోండి. ‘నీళ్లు’, ‘ఆకలి’, ‘బాగున్నవా బిడ్డా’ ఎట్లంటరో అడగండి. పంతులు తన భాషలో పిలిచిన రోజు పిల్ల నోరు అదే తెరుచుకుంటది. కాకతీయ యూనివర్సిటీ విద్యార్థులారా! మీ హాస్టల్ గదిలో కోయ పిల్లగాడున్నడు, లంబాడా పిల్లగాడున్నడు. వాని భాషను వెక్కిరించి నవ్వుకున్న రోజులుంటే ఆ నవ్వు ఆపండి. సెలవులకు వాని ఊరికి పోయి ముసలోళ్ల కథలు, సామెతలు, పాటలు రాసుకొని రండి.

మేమూ తప్పించుకోం. ఈ పత్రిక తెలంగాణ యాసను నెత్తిన పెట్టుకున్నది. కానీ ఇన్నేండ్లలో కోయలో ఒక్క కాలం అచ్చేయలేదు, లంబాడీలో ఒక్క ఉత్తరం అచ్చేయలేదు. మనల్ని ఎవరు మరిచిపోయిన్రో లెక్క రాసుకునే పనిలో పడి, మనం ఎవరిని మరిచిపోయినమో చూసుకోలేదు. ఆ లోపం దిద్దుకుంటాం. రాసి పంపండి, తెలుగు లిపిలో మీ భాష రాసినా సరే, అచ్చేస్తాం.

మన వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దొరికింది. ఈ మట్టిలో పండిన కాయకు ఈ మట్టి పేరు దక్కాలని కొట్లాడి తెచ్చుకున్న గుర్తింపు. సంతోషమే. ఆ మిర్చి పండించిన రైతు బిడ్డ నోటి మాట కూడా ఈ మట్టిలోనే పుట్టింది. కాయకున్న గుర్తింపు మాటకు వద్దా?

ఎనుమాముల కాంటా కాడ రైతు అడిగేది ఒక్కటే. ముల్లు నిక్కచ్చిగా ఉండాలె, అందరి బస్తా ఒక్క తీరుగా తూగాలె. బడి కాంటా కూడా అట్లనే ఉండాలె. ఆ లంబాడా పెద్దమనిషి బిడ్డ ఇప్పుడు నాలుగో తరగతి చదువుతున్నదట, మంచిగనే చదువుతున్నదట. ‘ఇప్పుడు ఇంటికాడ కూడ తెలుగే మాట్లాడుతది సారూ, వాళ్ల నాయనమ్మకు దాని మాట తెలుస్తలేదు’ అన్నడు. చెప్పేటప్పుడు ఆయన మొహంలో సంతోషమున్నదో, బాధ ఉన్నదో మాకు తేలలేదు. మనుమరాలు చదువుకున్నందుకు నాయనమ్మ చెల్లించాల్సిన తరుగు ఇదేనా? ఈ తరుగు తీయకుండా చదువు చెప్పే బడి కట్టుకోలేకపోతే, రాష్ట్రం తెచ్చుకున్న పోరాటంలో సగమే గెలిచినట్టు.

జై తెలంగాణ!